కర్నూలులో రోడ్డు దాటడం ఎందుకింత కష్టం?

కర్నూలు పెద్దాసుపత్రి గేటు బయట ఉదయం పూట కాసేపు నిలబడితే ఊరి ట్రాఫిక్ కష్టమంతా అక్కడే తెలిసిపోతుంది. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ నుంచి వచ్చినవాళ్లు, తుంగభద్ర అవతల అలంపూర్, గద్వాల నుంచి వచ్చినవాళ్లు షేర్ ఆటోలు దిగుతుంటారు. పక్కకు తీసే జాగా లేక ఆటో బండ్ల దారిలోనే ఆగుతుంది. మందుల చీటీ పట్టుకున్న ఆడమనిషి రెండో చేయి ముందుకు చాపి, వచ్చే బైకులను ఆపుకుంటూ రోడ్డు దాటుతుంది. చేతికి సెలైన్ సూది అలాగే ఉన్న పెద్దాయన్ని కొడుకు రెక్క పట్టుకుని నడిపిస్తాడు. డివైడర్ దగ్గరికి వచ్చేసరికి ఆయన కాలు అంత ఎత్తు లేవదు. వెనక నుంచి హారన్లు మోగుతూనే ఉంటాయి.

ఇలాంటివి చూసినప్పుడు మన నోట రెండు మాటలు వస్తాయి. జనానికి ట్రాఫిక్ సెన్స్ లేదని ఒకటి, రోడ్డు ఇరుకు కాబట్టి వెడల్పు చెయ్యాలని ఇంకొకటి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఆ పెద్దాయనకు సెన్స్ ఉన్నా లేకపోయినా దాటడానికి అక్కడ దారి లేదు. రోడ్డు వెడల్పయితే ఆయన దాటాల్సిన దూరం ఇంకా పెరుగుతుంది. నా ఉద్దేశంలో అసలు చిక్కు వేరే ఉంది. మన ఊళ్లో ఒక్కో రోడ్డు మీద ఆరేడు ఆఫీసులకు అధికారం ఉంది, నడిచే మనిషి బాధ్యత మాత్రం ఏ ఒక్క ఆఫీసు మీదా పూర్తిగా లేదు. ఈ ముడి ఎలా పడిందో తెలిస్తే, ఎక్కడ విప్పమని అడగాలో కూడా తెలుస్తుంది.

ముందు ఊరి తీరు చూడాలి. ఉత్తరాన తుంగభద్ర. ఊళ్లోంచే వచ్చి అందులో కలిసే హంద్రీ. సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ (కర్నూలు–కడప) కెనాల్ కూడా ఊళ్లోంచే పోతుంది, హంద్రీని అక్విడక్టు, అంటే కాలువ వంతెన మీదుగా దాటుతుంది. వీటికి తోడు సికింద్రాబాద్–డోన్ రైలు మార్గం, హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి. నీళ్లు, పట్టాలు, హైవే కలిసి ఊరిని ముక్కలు చేశాయి. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు పోవాలంటే ఉన్నవి కొన్ని వంతెనలే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం ఏ, బీ, సీ క్యాంపులు వెలిశాయి. పాతబస్తీ ఒకచోట, క్యాంపులు ఒకచోట, కల్లూరు వైపు కాలనీలు ఇంకోచోట పెరుగుతూ పోయాయి. 2011 లెక్కల నాటికే కార్పొరేషన్ పరిధిలో 4.30 లక్షల మంది. ఇంతమంది బండ్లూ రాజ్ విహార్, బళ్లారి చౌరస్తా, నంద్యాల చెక్‌పోస్టు లాంటి కొద్దిపాటి కూడళ్లలోకి వచ్చి పడాల్సిందే. అక్కడి జాముకు డ్రైవర్ల తొందర కంటే ఊరి ఆకారమే పెద్ద కారణం.

రోడ్డు ఒకటే, ఆఫీసులు ఎన్నో

ఊరి పక్కగా పోయే ఎన్‌హెచ్–44ను చూసుకునేది జాతీయ రహదారుల సంస్థ. నంద్యాల మీదుగా కడపకు పోయే ఎన్‌హెచ్–40 కూడా జాతీయ రహదారే. రాష్ట్ర రహదారులు ఆర్ అండ్ బీ శాఖవి. కాలనీ రోడ్లు, వీధులు కార్పొరేషన్‌వి. ఇంతవరకు సులువుగానే అర్థమవుతుంది. చిక్కంతా ఒకే రోడ్డు మీద నిలబడి చుట్టూ చూసినప్పుడు మొదలవుతుంది. కరెంటు స్తంభం, ఫుట్‌పాత్ మీద కూర్చున్న ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్‌వి. అదే స్తంభానికి ఉన్న వీధిలైటు కార్పొరేషన్‌ది. కేసీ కెనాల్ గట్టు జలవనరుల శాఖది. పట్టాల కింది దారి విషయంలో రైల్వేని కదపకుండా ఏ పనీ కాదు. బండ్లను నడిపించేది ట్రాఫిక్ పోలీసులు, ఆటోకు పర్మిట్ ఇచ్చేది రవాణా శాఖ, బస్సు నడిపేది ఆర్టీసీ. తోపుడు బండ్ల సంగతి మళ్లీ కార్పొరేషన్‌లోనే వేరే విభాగం చూస్తుంది.

వీళ్లలో ఎవరూ పని ఎగ్గొట్టకపోయినా, ప్రతి ఆఫీసూ తన వంతు సక్రమంగా చేసినా, నడిచేవాడికి దారి ఉండకపోవచ్చు. రోడ్డు వేసినవాళ్లు తారు వెడల్పు కొలుస్తారు. కాలువ కట్టినవాళ్లు నీళ్లు పారుతున్నాయా లేదా చూస్తారు. కరెంటువాళ్లు స్తంభానికి జాగా చూసుకుంటారు. పోలీసులు బండ్లు కదలడం చూస్తారు. డివైడర్‌లో సందు వల్ల జాము అవుతుంటే బారికేడ్ పెట్టి మూసేస్తారు. ఆ సందులోంచి రోజూ దాటే జనం ఎటు పోవాలన్నది అక్కడ ఎవరి పనీ కాదు. ఎవరికి వారే యమునా తీరే. జీబ్రా గీతలనే తీసుకోండి. ఒక ఏడు వేస్తారు, మరుసటి ఏడు రోడ్డు మీద కొత్త తారు పడుతుంది, గీతలు కిందకు పోతాయి. మళ్లీ గీయడం తారు కాంట్రాక్టులో ఉంటే గీస్తారు, లేకపోతే లేదు.

వీటన్నింటినీ కలిపి అడగాల్సింది వార్డు నుంచి ఎన్నికైన మనిషి. కర్నూలు కార్పొరేషన్‌కు 2021 మార్చి ఎన్నికల దాకా పదేళ్లకు పైగా పాలకవర్గమే లేదు, ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. ఊరు కల్లూరు వైపు బాగా విస్తరించిన కాలం అదే. ‘మా వీధిలో దాటే చోటు కావాలి’ అని వెళ్లి అడగడానికి కార్పొరేటర్ లేని పదేళ్లు ఊరి మీద చూపిన ప్రభావం చిన్నది కాదు.

కాలువ మీది బండే ఫుట్‌పాత్

మన ఊళ్లలో ఫుట్‌పాత్ అంటే చాలాచోట్ల మురుగు కాలువ మీద పరిచిన బండలే. పూడిక తీయడానికి బండ ఎత్తుతారు, మళ్లీ వేసేటప్పుడు ఒక మూల లేచి ఉంటుంది. ఒకటి విరిగితే ఆ సందు నెలల తరబడి అలాగే ఉంటుంది. ఎవరో పుణ్యాత్ముడు అందులో చెట్టుకొమ్మ నిలబెడతాడు, చీకట్లో కనిపించాలని. కాస్త ముందుకు పోతే దుకాణం వాళ్లు బండి ఎక్కించుకోవడానికి ఏటవాలుగా సిమెంటు పోసి, పైన బేతంచెర్ల నాపరాయి పరిచి ఉంటారు. ఎండలో బాగానే ఉంటుంది, రెండు చినుకులు పడితే కాలు నిలవదు. ఆ పక్క దుకాణం వాళ్లది ఇంకో ఎత్తు. నాలుగు దుకాణాలు దాటేలోపు నాలుగుసార్లు ఎక్కి దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అంత అవస్థ పడలేక రోడ్డు మీదకే దిగుతారు. కారులో పోయేవాళ్లకు మాత్రం ‘ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీద నడుస్తున్నారు’ అనిపిస్తుంది.

ఇందుకు కొలతలు లేక కాదు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇంజినీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం అడ్డంకి లేని నడక దారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, పైన 2.2 మీటర్ల ఎత్తు దాకా ఏదీ అడ్డు రాకూడదు. రోడ్డు నుంచి ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే జానెడు కంటే తక్కువ. రెండు వీల్‌చైర్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేంత చోటు ఉండాలన్నది ఆ వెడల్పు వెనక ఆలోచన. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో, కోయంబత్తూరు ఎముకల డాక్టరు ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన కేసులో, పాదచారుల భద్రతకు ఆరు నెలల్లో నిబంధనలు రాయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఫుట్‌పాత్ మాట రాగానే తోపుడు బండ్లను తీసేయాలనేవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం అయిదేళ్లకోసారి సర్వే చేయాలి, టౌన్ వెండింగ్ కమిటీ వేయాలి, అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే సభ్యులుగా ఉండాలి, ఆ ప్రతినిధుల్లో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఎక్కడ బండి పెట్టుకోవచ్చో, ఎక్కడ కూడదో ఆ కమిటీతో మాట్లాడే నిర్ణయించాలి. అది చేయకుండా పండగ ముందు బండ్లు ఎత్తుకుపోతే వారానికి మళ్లీ అక్కడికే వస్తాయి. అరటిపండ్లు అమ్ముకునే మనిషి పోవాల్సిన చోటు ఏదో ఎవరూ చూపించలేదు మరి.

ఊళ్లో 60 వేగం చట్టబద్ధమే

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మునిసిపల్ పరిధిలోని రోడ్ల మీద కార్లకు గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు, మోటార్ సైకిళ్లకు 60, ఆటోలకు 50. అంటే బడి ముందు నుంచి 60లో దూసుకుపోయిన కుర్రాడు, అక్కడ తక్కువ వేగం బోర్డు లేకపోతే, వేగం విషయంలో చట్టం దాటనట్టే లెక్క.

60 అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. మనిషిని చూసి, బ్రేక్ మీదకు కాలు పోవడానికి మామూలుగా సెకనున్నర పడుతుందనుకుంటే, ఆ లోపే బండి 25 మీటర్లు వచ్చేస్తుంది. 30లో వచ్చే బండి బ్రేక్ కూడా పట్టి పూర్తిగా ఆగేది 18 మీటర్ల దగ్గర. ఒకరు ఆగిపోయిన చోటికి ఇంకొకరు బ్రేకే వేయకుండా వచ్చేస్తారన్నమాట. పైగా వేగం రెట్టింపయితే దెబ్బలోని శక్తి నాలుగింతలు. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటకూడదని ఆ సంస్థ అందుకే చెబుతోంది.

ఆ 30ని కర్నూలులో పెట్టడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారం ఇచ్చిన అధికారికి, ఫలానా రోడ్డు మీద ఇంతకు మించి పోకూడదని నోటిఫై చేసే అధికారం ఇస్తోంది. 116వ సెక్షన్ కింద బోర్డులు పెడితే అమల్లోకి వస్తుంది. ఆసుపత్రి, బడి, బస్టాండు, రైతుబజారు ముందు ఇది చేయడానికి భూసేకరణ అక్కర్లేదు, కోట్ల టెండరూ అక్కర్లేదు.

బోర్డు ఒక్కటే పెడితే ఎవరూ వినరంటారు. నిజమే, రోడ్డు ఆకారమే బండిని నిదానించాలి. అందుకు మనకు తెలిసింది స్పీడ్ బ్రేకర్. ఎక్కడైనా ప్రమాదం జరిగి మనిషి పోతే, ఆ రాత్రికే వీధివాళ్లు కంకర, సిమెంటు కలిపి అడ్డంగా గట్టు పోస్తారు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ అడుగు వెడల్పున నిటారుగా లేచిన గట్టు మీద గర్భిణి కూర్చున్న ఆటో ఎగిరిపడుతుంది, రాత్రిపూట పెయింటు లేని గట్టు బైకును పడేస్తుంది. 25 వేగంలో హాయిగా దాటాలంటే గట్టు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి, విల్లులా నిదానంగా లేచి నిదానంగా దిగాలి. పైన పెయింటు, ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. దీన్నే పైన చదునుగా చేసి, ఫుట్‌పాత్ ఎత్తుకు కలిపి, మీద జీబ్రా గీతలు వేస్తే మనిషి దిగకుండానే అవతలికి పోతాడు, బండే ఎక్కి దిగుతుంది. పెద్దాసుపత్రి ముందు కావలసింది అదే. తారు కొత్తగా వేసినా దాన్ని మింగేయలేదు.

సిగ్నల్ ఉన్నచోట ఇంకో లెక్క చూడాలి. నడిచేవాళ్లకు ఇచ్చే సమయాన్ని సెకనుకు 1.2 మీటర్ల నడక చొప్పున కడతారు. 15 మీటర్ల రోడ్డుకు పన్నెండున్నర సెకన్లు వస్తాయి. కర్ర పట్టుకుని సెకనుకు 0.8 మీటర్లు నడిచే అవ్వకు 19 సెకన్లు కావాలి. ఆసుపత్రి దగ్గరి సిగ్నల్‌కు అవ్వ నడకే కొలత కావాలని అడగడంలో తప్పేముంది?

ఆటోలు, బస్సులు

ఆటోవాళ్ల మీద ఊరంతా కోపమే. వాళ్ల లెక్క ఒకసారి చూస్తే అడ్డంగా ఎందుకు ఆపుతారో అర్థమవుతుంది. షేర్ ఆటోకు డబ్బు తలకింత చొప్పున వస్తుంది. ఫైనాన్స్ కిస్తీ గానీ ఓనరుకు కట్టాల్సిన రోజువారీ అద్దె గానీ పోను మిగిలేదే ఇంటికి. సీటు ఖాళీగా పోతే నష్టం. అందుకే చెయ్యి లేచిన చోటల్లా ఆగాల్సిందే. 117వ సెక్షన్ కింద బండ్లు నిలిపే చోట్లు నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఉంది, స్థానిక సంస్థను సంప్రదించి చేయాలి. కూడలికి కాస్త దూరంగా, రోడ్డు పక్కకు కోసి మూడు ఆటోలు పట్టే బే (ఆగే చోటు) కట్టి, ఇక్కడే ఎక్కాలి, ఇక్కడే దిగాలి అని జనానికీ అలవాటు చేస్తే తప్ప చలానాలతో ఇది మారదు.

ఇందులోకి కొత్తగా వచ్చింది స్త్రీ శక్తి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. కోడుమూరు నుంచి కర్నూలు బస్టాండు దాకా ఉచితంగా వచ్చిన మహిళ, అక్కడి నుంచి ఆసుపత్రికో కలెక్టరేట్‌కో పోవాలంటే మాత్రం షేర్ ఆటోకు డబ్బిచ్చుకోవాల్సిందే, ఎందుకంటే ఊరి లోపల తిరిగే బస్సులు విజయవాడలోనో విశాఖలోనో ఉన్నట్టు ఇక్కడ లేవు. ఆటోవాళ్ల రాబడి పడిపోయిందని 2025 అక్టోబరులో ప్రభుత్వం ఏడాదికి 15 వేల రూపాయల సాయం మొదలుపెట్టింది. రెండు పథకాలూ మంచివే. ఆ రెండింటి మధ్య ఊరి లోపలి ప్రయాణం మిగిలిపోయింది. కేంద్రం 2023 ఆగస్టులో ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ సరిగ్గా ఇలాంటి ఊళ్ల కోసమే, 2011 లెక్కల్లో 3 లక్షలు దాటిన నగరాలకు 10 వేల ఎలక్ట్రిక్ బస్సులు. బస్సు ఎప్పుడొస్తుందన్నది ఎంత ముఖ్యమో, అది ఎక్కడ ఆగుతుంది, దిగిన మనిషి అవతలికి ఎలా పోతుంది అన్నదీ అంతే ముఖ్యం. బస్టాపు, జీబ్రా, వీధిలైటు ఒకే చోట ఉండేలా ఇప్పుడే గీయాలి.

లెక్కలో పడని ప్రమాదాలు

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కల్లూరు మండలం చిన్నటేకూరు దగ్గర బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు రోడ్డు మీది బైకును ఢీకొట్టి కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత రాష్ట్రమంతా బస్సులను ఆపి చూశారు, చూడాల్సిందే. అయితే 2022లో దేశంలో రోడ్ల మీద పోయిన 1,68,491 ప్రాణాల్లో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్లు. టూవీలర్ల మీద వెళ్తూ చనిపోయినవాళ్లు 74,897 మంది. వీళ్లలో ఎక్కువమంది ఒక్కొక్కరుగా పోయారు, జిల్లా పేజీలో నాలుగు లైన్లతో.

ఒక్కొక్కరుగా పోవడం వల్ల ఇంకో నష్టం ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్కలో జాతీయ రహదారి మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో ప్రాణం పోయిన లేదా తీవ్రంగా గాయపడిన ప్రమాదాలు 5 జరిగితేనో, 10 మంది చనిపోతేనో అది బ్లాక్‌స్పాట్. నిధులూ ఇంజినీర్ల చూపూ ముందు అక్కడికే పోతాయి. ఊరి రోడ్డు మీద కాలు విరిగినవి చాలావరకు పోలీసు స్టేషన్ దాకా పోవు. రాజీ పడతారు, కట్టు కట్టించుకుంటారు. కేసు లేకపోతే లెక్క లేదు, లెక్క లేకపోతే బ్లాక్‌స్పాట్ లేదు, బ్లాక్‌స్పాట్ కాకపోతే పని లేదు. జనం భయపడి దాటడమే మానేసిన చోటైతే కాగితం మీద అన్నింటికంటే భద్రమైన రోడ్డు.

అందరూ కూర్చునే బల్ల ఒకటుంది

ఇన్ని ఆఫీసుల్లో దేనికి అర్జీ పెట్టాలి? మోటారు వాహనాల చట్టం 215వ సెక్షన్ కింద ప్రతి జిల్లాకూ రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. కలెక్టర్ అధ్యక్షత వహిస్తారు. పోలీసు, ఆర్ అండ్ బీ, రవాణా, కార్పొరేషన్, హైవే అధికారులు ఒకే బల్ల చుట్టూ కూర్చునేది అక్కడే. స్తంభం ఒకరిది, గీత ఒకరిది, బారికేడ్ ఇంకొకరిది అయిన చోట తేల్చగలిగేదీ అదే. కాబట్టి సోమవారం కలెక్టరేట్ సునయన ఆడిటోరియంలో అర్జీ ఇచ్చేవాళ్లు ‘మా రోడ్డు బాగు చేయండి’ అని రాస్తే అది ఏదో ఒక శాఖకు పోయి ‘మా పరిధిలో లేదు’ అని తిరిగొస్తుంది. ‘ఈ విషయాన్ని జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఎజెండాలో పెట్టండి’ అని రాయాలి. ఫలానా గేటు ముందు ఎత్తు జీబ్రా, రెండు పక్కలా 100 మీటర్లు 30 వేగం బోర్డులు, ఒక లైటు, ఒక ఆటో బే అని విడివిడిగా రాసి, ఫొటో జతచేయాలి. వీలైతే ఆసుపత్రికో బడికో చెందినవాళ్ల సంతకాలు కూడా. 2019 సవరణతో వచ్చిన 198ఏ సెక్షన్‌ను ప్రస్తావించడం మరీ మంచిది: రోడ్డు డిజైను, నిర్మాణం, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక ప్రాణం పోయినా, అంగవైకల్యం వచ్చినా బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుంది. లక్ష చిన్న మొత్తమే, కానీ ముందే రాతపూర్వకంగా తెలియజేసిన లోపమైతే ‘మాకు తెలియదు’ అనడానికి వీలుండదు.

జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయొచ్చు, జిల్లా స్థాయిలో ఫీజు 10 రూపాయలు. కమిటీ చివరి రెండు సమావేశాల మినిట్స్, ఆ రోడ్డు ఏ శాఖ అధీనంలో ఉందో చూపే కాగితం అడగాలి. ఈ చట్టంలో ఒక సౌకర్యం ఉంది. అడిగిన సమాచారం తమ దగ్గర లేకపోతే దరఖాస్తును తిరిగి పంపేయకూడదు, 6(3) సెక్షన్ ప్రకారం అది ఎవరి దగ్గరుందో ఆ ఆఫీసుకు 5 రోజుల్లో వాళ్లే పంపాలి, మనకూ తెలపాలి. రోడ్డు ఎవరిదో కనుక్కునే పని అలా ఆఫీసుల మీదే పడుతుంది. 30 రోజుల్లో సమాధానం రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు.